థానేలో మావశితో పండుగల ఏడాది

మా అంతస్తులోనే ఎదురు ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ యూదురాలు. మరాఠీలో పిన్నిని పిలిచినట్టు ఆమెను నేను మావశీ అంటాను, ఆమె నన్ను బాళ అంటుంది. 2024 సెప్టెంబర్‌లో ఆమె కొడుకు ఇజ్రాయెల్‌లోని అష్దోద్ నుంచి ఫోన్ చేశాడు. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది, పండుగల్లో సినగాగ్‌కు తోడు వెళ్ళే మనిషి లేదు, మీరు కాస్త చూసుకోగలరా అని అడిగాడు. ఆ రెండు మూడు వారాల పనే కదా అని ఒప్పుకున్నాను. చూస్తుండగా వాళ్ళ పంచాంగం ఒక చుట్టు తిరిగింది.

మావశి వాళ్ళది బెనె ఇజ్రాయెల్ సమాజం. ఇంట్లో మాట్లాడేది మరాఠీ, ప్రార్థన చేసేది హీబ్రూలో. ఎప్పుడో అలీబాగ్ దగ్గర నవ్‌గావ్ తీరంలో ఓడ మునిగిపోతే ఏడుగురు మగవాళ్ళు, ఏడుగురు ఆడవాళ్ళు బతికి బయటపడ్డారని, తాము వాళ్ళ సంతతి అని చెప్పుకుంటారు. కొంకణ్ పల్లెల్లో గానుగాడించి నూనె అమ్మేవాళ్ళు. శనివారం గానుగ ఆపేసేవాళ్ళు కాబట్టి ఊళ్ళోవాళ్ళు శనివార్ తేలీ అనేవారు. తర్వాత బొంబాయి వచ్చి పల్టన్లలో, రైల్వేల్లో, మిల్లుల్లో కుదురుకున్నారు. మా తాత కరీంనగర్ వైపు మగ్గం వదిలేసి వర్లిలో కార్మికుల గదుల బారుకు, అంటే చాల్‌కు, వచ్చింది కూడా మిల్లు పనికే. ఆ మిల్లుల్లో కొన్ని ససూన్‌లవి, అంటే బాగ్దాద్ నుంచి వచ్చిన యూదులవి. మావశి మామగారు కూడా ఓ మిల్లు ఆఫీసులో గుమాస్తా చేశాడట. ఇద్దరూ ఎప్పుడైనా ఎదురుపడ్డారో లేదో కానీ, మా అమ్మా మావశీ కలిస్తే సగం సేపు మిల్లు భోంగా, అంటే సైరన్, కబుర్లే.

సినగాగ్ అంటే గుడిలాగా చెప్పులు విడిచి లోపలికి నడిచేయడం కాదు. ముందు మావశి కమిటీవాళ్ళతో మాట్లాడింది. తర్వాత నా ఆధార్ కాపీ, ఫోటో, ఫోన్ నంబరు ఇచ్చాం. నేనెవరు, ఎందుకు వస్తున్నాను అని మావశి చేతిరాతతో ఒక చీటీ. గేటు దగ్గర పోలీసులు, సంచి తనిఖీ, రిజిస్టర్లో సంతకం. మొదటిసారి నాకు పాస్‌పోర్ట్ ఆఫీసులో ఉన్నంత టెన్షన్ పట్టుకుంది. 2008 నవంబర్ దాడుల్లో కొలాబాలోని యూదుల కేంద్రం నారీమన్ హౌస్‌లోకి చొరబడి అక్కడి మతగురువైన యువ రబ్బీని, ఆయన భార్యను చంపిన సంగతి ముంబయివాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అందుకే ఈ కట్టుదిట్టం నాకు అతిగా అనిపించలేదు.

థానే సినగాగ్ పేరు శఆర్ హషమాయిం. 1879 నాటిది. టెంభీ నాకా దగ్గర, సివిల్ హాస్పిటల్ రోడ్డులో ఉంది. ముంబయిలో ఇంతకంటే పాతవి ఉన్నాయి. మాండ్వీలో 1796లో కట్టినదాన్ని జనం జునీ మస్జిద్ అనేవారు, పక్కనే ఉన్న మస్జిద్ స్టేషన్‌కు ఆ పేరు దీనివల్లే వచ్చిందంటారు. కానీ ఇప్పుడు యూదులు ఎక్కువగా ఉండేది థానేలోనే, కాబట్టి ఇక్కడ కాస్త సందడి ఉంటుంది. గుమ్మం పక్కన మెజూజా అనే చిన్న గొట్టం బిగించి ఉంటుంది, లోపల తోలు మీద రాసిన వాక్యాలు. వచ్చినవాళ్ళు దాన్ని వేళ్ళతో తాకి, ఆ వేళ్ళను ముద్దు పెట్టుకుంటారు. తోరా, అంటే వాళ్ళ ధర్మశాస్త్రం, చుట్టలు పెట్టిన బీరువా పడమటి గోడకు ఉంటుంది, యెరూషలేము ఇక్కడికి పడమర కాబట్టి. ఎలియా ప్రవక్త కోసం ఒక కుర్చీ. అందులో ఎవరూ కూర్చోరు, మగపిల్లలకు సున్తీ చేసేటప్పుడు బిడ్డను కాసేపు అందులో పెడతారు. ఆడవాళ్ళకు కూర్చునే చోటు వేరు. నా పక్కన కూర్చున్న ఆవిడ పుస్తకంలో పేజీ చూపిస్తూనే పోయింది, నాకు అక్షరం ముక్క రాకపోయినా.

అయితే అసలు పని మావశి వంటింట్లో మొదలైంది. రోష్ హషానా వాళ్ళ కొత్త సంవత్సరం. ఆ పండుగకు బెనె ఇజ్రాయెల్ ఇళ్ళల్లో చిక్ హల్వా ఉండాల్సిందే. చిక్ అంటే గోధుమపాలు అడుగున పేరుకున్నాక మిగిలే తెల్లటి ముద్ద. ఇప్పుడు పొడి ప్యాకెట్లలో దొరుకుతుంది, కానీ మావశి ససేమిరా అంది. గోధుమలు మూడు రోజులు నానాలి, రోజూ నీళ్ళు మార్చాలి, లేకపోతే వాసన వస్తుంది. రుబ్బి, పలచటి గుడ్డలో వేసి పిండి, ఆ పాలను రాత్రంతా కదపకుండా ఉంచాలి. పొద్దున పైన తేరుకున్న పసుపు నీళ్ళు మెల్లగా వంపేస్తే అడుగున చిక్. అందులో కొబ్బరిపాలు, చక్కెర, కొద్దిగా చైనా గ్రాస్, గులాబీ రంగు. కొబ్బరిపాలు రుచి కోసం మాత్రమే కాదు. మాంసం తిన్న భోజనంలో పాలూ నెయ్యీ కలవకూడదని వాళ్ళ నియమం. పండుగ భోజనంలో మటన్ ఉంటుంది కాబట్టి తీపి వంటకాలన్నీ కొబ్బరిపాలతోనే. ఆ ఒక్క నియమం వల్ల వాళ్ళ పిండివంటలకు ప్రత్యేకమైన రుచి వచ్చిందని నా అభిప్రాయం.

కలపడం నా వంతు. ఇత్తడి గిన్నె, పొడుగాటి చెక్క గరిటె. అరగంట వరకు మజ్జిగలాగా కదులుతుంది, ఆ తర్వాత ఉన్నట్టుండి బిగుసుకుంటుంది, భుజం లాగేస్తుంది. ఆపితే అడుగంటుతుంది. గిన్నె అంచులు వదిలి ముద్ద మొత్తం గరిటె వెంట తిరిగేదాకా మావశి కుర్చీలోంచి "ఇంకా, ఇంకా" అంటూనే ఉంది. పళ్ళెంలో పోసి, పైన బాదం పలుకులు చల్లి, ఆరాక డైమండ్ ముక్కలు కోశాం. ఆమె ఇంట్లో ఇంకో పద్ధతి ఉంది. కోసేది, రుబ్బేది, కలిపేది నేనైనా పర్వాలేదు, పొయ్యి మాత్రం తనే వెలిగించాలి. వేరే మతం వాళ్ళు మొత్తం వండిపెట్టింది తినకూడదట, అందులో తన చెయ్యి ఉండాలట. వాకర్ పట్టుకుని వంటింట్లోకి వచ్చి, లైటర్ నొక్కి, మళ్ళీ వెళ్ళి కూర్చునేది. మొదట్లో నాకు ఎక్కడో చివుక్కుమంది, నిజం చెప్పాలి కదా. మా ఇళ్ళల్లో మడి పేరుతో ఎవరిని ఎక్కడ నిలబెట్టారో తెలిసినదాన్ని. కానీ ఆమె ఆ మాటను దాచకుండా చెప్పింది, కారణం చెప్పింది, తర్వాత నేను వండిన పళ్ళెంలోంచే నాతో కలిసి తింది. ఆ తర్వాత పట్టించుకోవడం మానేశాను.

హల్వా ఆరబెట్టింది అక్టోబర్ 1 సాయంత్రం. ఆ రాత్రే ఇజ్రాయెల్ మీదికి ఇరాన్ క్షిపణులు వదిలింది. మావశి టీవీ ముందు, ఫోన్ చేతిలో. కొడుకూ కోడలూ షెల్టర్‌లో ఉన్నారు, లైన్ కలవడం లేదు. నేనూ మా ఆయనా ఆమె దగ్గరే కూర్చున్నాం. అర్ధరాత్రి దాటాక వాట్సాప్‌లో రెండు నీలం టిక్కులు, ఆపైన "సగ్ళే ఠీక్" అని మెసేజ్. అందరూ క్షేమం. మావశి లేచి హల్వా మీద గుడ్డ సర్ది పడుకుంది.

మర్నాడు సాయంత్రం 5785వ సంవత్సరం మొదలైంది. ఆ రోజు మహాలయ అమావాస్య, మా అమ్మ వర్లిలో ఎంగిలిపూల బతుకమ్మ పేర్చుకుంటోంది. వాళ్ళదీ చంద్రుడిని బట్టి, అధిక మాసాలు కలుపుకుంటూ నడిచే పంచాంగమే. అందుకే చాలా ఏళ్ళు మన పండుగలూ వాళ్ళ పండుగలూ ఒకదాని పక్కన ఒకటి పడతాయి. అధిక మాసం తేడా వచ్చిన ఏడాది, 2023లో వచ్చినట్టు, నెల దూరం జరుగుతాయి. మావశి బల్ల మీద తేనె, యాపిల్, ఖర్జూరం, దానిమ్మ, గుమ్మడి, బీట్‌రూట్, చేప తల. ఒక్కోదాని మీద ఒక్కో ప్రార్థన చదివి తినాలి. చేప తలకు అర్థం తోకలా కాకుండా తలలా ఉండాలని. పొలుసు, రెక్క రెండూ ఉన్న చేపలే తింటారు. రొయ్య, పీత ఆ గుమ్మం దాటవు. ద్రాక్షసారాకు బదులు నల్ల కిస్మిస్ నానబెట్టి, కాచి వడకట్టిన షర్బత్ మీద కిద్దుష్ అనే పండుగ ఆశీర్వచనం చెబుతారు. ఆ షర్బత్ కోసమైనా పండుగలు ఎక్కువ రావాలనిపిస్తుంది నాకు.

పొద్దున సినగాగ్‌లో పొట్టేలు కొమ్ముతో చేసిన షోఫార్ ఊదారు. పొడుగ్గా ఒకటి, విరిచి విరిచి మూడు, ఏడుపులాగా తునకలు తునకలుగా. మధ్యలో ఊపిరి అందక ఊదేవాయన ఆగితే, హాలంతా ఆయన కోసం ఆగింది.

ప్రాయశ్చిత్తపు ఉపవాస దినం యోమ్ కిప్పూర్ అక్టోబర్ 11 శుక్రవారం సాయంత్రం మొదలై శనివారం చీకటి పడ్డాక ముగిసింది. మంచినీళ్ళు కూడా తాగరు. దీన్ని పాతతరం దార్ ఫాళ్ణ్యాచా సణ్ అంటుంది. ఒకప్పుడు ఆ రోజు తలుపులు మూసుకుని బయటివాళ్ళతో మాట్లాడేవాళ్ళే కాదట. అందరూ తెల్లబట్టల్లో వచ్చారు. అయితే టెంభీ నాకా అంటే థానేలో నవరాత్రులకు పెట్టింది పేరు, మర్నాడు దసరా. బయట డోళ్ళు, మైకులు, జనం. లోపల ఆ సాయంత్రం మొదటి ప్రార్థన కోల్ నిద్రే. హజ్జాన్ గొంతు పెంచలేదు, నెమ్మదిగానే చదువుకుంటూ పోయాడు. వీళ్ళకు తరతరాలుగా రబ్బీలు లేరు, ప్రార్థన నడిపించేది హజ్జానే. బీపీ మాత్ర వేసుకోనని మావశి మొండికేస్తే, ప్రాణం ముందు, ఉపవాసం తర్వాత అని ధర్మశాస్త్రమే చెబుతోందని నచ్చజెప్పిందీ ఆయనే. గుటకెడు నీళ్ళతో మాత్ర మింగింది, ముఖం మాత్రం మాడ్చుకునే ఉంది. చుక్కలు కనిపించాక షోఫార్ ఒక్కసారి పొడుగ్గా మోగింది, కిస్మిస్ షర్బత్, లోపల తీపి రవ్వ కూరిన పూరీలు. పూరీ అంటారు గానీ చూస్తే కజ్జికాయే. మర్నాడు శిళా సణ్. దానాలు చేసి, చుట్టాల ఇళ్ళకు వెళ్ళి కలిసి వస్తారు.

సుక్కోత్‌కు ఆవరణలో ఆకుల పందిరి, సింహత్ తోరాకు తోరా చుట్టలు ఎత్తుకుని పాటలు, పిల్లలకు మిఠాయిలు. ఆ సందడి గురించి ఎక్కువ రాయను, పెళ్ళి బరాత్ చూసినవాళ్ళకు సులువుగా ఊహకందుతుంది. నన్ను కదిలించింది వేరే రోజు, పండుగే కాని ఒక రోజు.

డిసెంబర్‌లో మావశి భర్త తిథి వచ్చింది. ఆ రోజు చనిపోయినవాళ్ళ కోసం చదివే ప్రార్థన కద్దీష్ చెప్పాలి. కద్దీష్ చెప్పాలంటే పదమూడేళ్ళు దాటిన యూదు మగవాళ్ళు పదిమంది ఉండాలి. దాన్ని మిన్యాన్ అంటారు. శనివారాలూ పండుగలూ అయితే చింత లేదు. మామూలు రోజు పొద్దున్నే పదిమందిని పోగుచేయడం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది. 1948 తర్వాత ఒక్కో కుటుంబమే ఇజ్రాయెల్ వెళ్ళిపోతూ వచ్చింది. అక్కడ వీళ్ళు అసలు యూదులేనా అని కొందరు మతపెద్దలు పెళ్ళిళ్ళ దగ్గర పేచీ పెడితే, పోరాడి 1964లో పూర్తి గుర్తింపు తెచ్చుకున్నారు. ఇక్కడ మిగిలినవాళ్ళు దేశం మొత్తం మీద కొన్ని వేలమందే. 2016లో మహారాష్ట్ర ప్రభుత్వం మైనారిటీ హోదా ఇచ్చింది, కానీ హోదా పొద్దున ఏడింటికి మనుషుల్ని లేపదు కదా. ముందు రోజు రాత్రి మావశి పాత డైరీ ముందు పెట్టుకుని పేర్లు చెబుతుంటే నేను ఫోన్లు చేశాను. ఒకరికి నైట్ షిఫ్ట్, ఒకరు పుణేలో, ఒకరు కొడుకును తీసుకొస్తామన్నారు.

పొద్దున లెక్కపెడితే తొమ్మిది. మా ఆయన తలమీద టోపీ పెట్టుకుని వెనక బెంచీలో ఉన్నాడు. ఆరేడేళ్ళ పిల్లవాడొకడు వేలితో లెక్కపెట్టి, "అంకుల్‌తో పది" అన్నాడు. వాళ్ళ నాన్న వాడి వేలు దించాడు. ఎవరూ ఏమీ అనలేదు, మా ఆయన పుస్తకం మూసి నేల చూస్తూ కూర్చున్నాడు. ముప్పావుగంట గడిచాక కల్యాణ్ నుంచి ఒకాయన ఆటో దిగి, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే లోపలికి వచ్చాడు. హజ్జాన్ మొదలుపెట్టాడు. కొడుకు దూరంగా ఉన్నాడు కాబట్టి మావశి మరిది కొడుకు కద్దీష్ చదివాడు. మొత్తం రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల కోసమే రాత్రంతా ఆ ఫోన్లు. ఇంటికి వచ్చాక మావశి డైరీలో కల్యాణ్ ఆయన పేరు పక్కన నక్షత్రం గుర్తు పెట్టించింది.

ఆమె మోకాలు బాగుపడితే మలీదా మొక్కు ఉంది. అది తు బిష్వాత్‌కు తీర్చుకుంది. చెట్ల పండుగ అది, 2025లో ఫిబ్రవరి 13న వచ్చింది. అందరం బస్సులో అలీబాగ్ దగ్గర ఖండాలా వెళ్ళాం. లోనావలా పక్కన ఉన్న ఖండాలా కాదు ఇది. అక్కడ ఒక రాతి మీద గుర్తులున్నాయి, ఎలియా ప్రవక్త రథం ఆకాశానికి లేచిన చోటు అదేనని బెనె ఇజ్రాయెల్ నమ్మకం. యొర్దాను నది ఒడ్డున కాదు, యెరూషలేములో కాదు, కొంకణ్ పల్లెలో. ఈ నమ్మకం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. మలీదా అంటే అటుకులు తడిపి, కొబ్బరి కోరు, చక్కెర, యాలకులు, బాదం, కిస్మిస్ కలిపి పళ్ళెంలో గుట్టగా పోసి, చుట్టూ పళ్ళు, మధ్యలో గులాబీలు. ఎలియాహూ హన్నావి పాట పాడి, ఒక్కో రకానికి వేరే ఆశీర్వచనం. ఖర్జూరానికి చెట్టు పండు మంత్రం, అరటిపండుకు మాత్రం నేలలో పండేవాటి మంత్రం. అరటి చెట్టు కాదు, మొక్క అని వాళ్ళ శాస్త్రం. బోటనీ చదివిన నా చెల్లెలికి ఈ మాట ఫోన్‌లో చెబితే, వాళ్ళు చెప్పిందే రైటు అంది.

పూరిం హోలీ రోజునే వచ్చింది, దాన్ని వాళ్ళు హోళీచా సణ్ అనడంలో వింతేమీ లేదు. ఎస్తేరు రాణి కథ చదువుతుంటే హామాను పేరు వచ్చినప్పుడల్లా పిల్లలు గిలకలు తిప్పి గోల చేశారు. బయట రంగులు, లోపల గిలకలు. నాకు తలనొప్పి వచ్చింది, అంతే.

పెసాహ్‌కు, అంటే పస్కా పండుగకు, పని మామూలుగా ఉండదు. పులిసిన పదార్థం ఇంట్లో గింజంత కూడా మిగలకూడదు. 2025లో ఆ పండుగ ఏప్రిల్ 12, శనివారం రాత్రి మొదలైంది. శనివారం పగలు పని చేయకూడదు కాబట్టి మొత్తం శుక్రవారానికే అయిపోవాలి. అరలు కడిగాం, రాగి గిన్నెలకు కళాయి పూత వేయించాం, గోధుమపిండి డబ్బా మా ఇంటికి చేరింది. గురువారం రాత్రి లైట్లార్పి కొవ్వొత్తితో మూలమూలా రొట్టెముక్కల కోసం వెతికాం. దొరకాలని మావశే కొన్ని ముక్కలు దాచిపెట్టింది లెండి, దొరికినవి మర్నాడు పొద్దున కాల్చేశారు. ఒక గుడ్డలో చుట్టిన పాత కాగితం తీసి చూపించింది. గోధుమ రంగుకు తిరిగిన అరచెయ్యి అచ్చు. వాళ్ళ అత్తగారు గొర్రె రక్తంలో చెయ్యి ముంచి వేసిన ముద్ర. ఐగుప్తులో గుమ్మాలకు పూసిన రక్తానికి గుర్తుగా ద్వారం మీద తగిలించేవాళ్ళట. వేళ్ళు మావశి వేళ్ళకంటే పొట్టివి.

శుక్రవారం పొద్దు వాలకముందే మనవళ్ళతో వీడియో కాల్ ముగించి, గ్లాసుల్లో కొబ్బరినూనె దీపాలు వెలిగించింది. శనివారం ఫోన్ ముట్టదు, స్విచ్ ముట్టదు. నన్ను లైటు వేయమని కూడా ఎప్పుడూ అడగదు, అడగకూడదు. "గది ఎంత చీకటిగా ఉందో" అంటుంది, గోడవైపు చూస్తూ. నేను నాకు కనిపించడం లేదన్నట్టు లేచి వేసుకుంటాను. ఇద్దరం నవ్వుకోం. శనివారం రాత్రి పండుగ విందు సేదెర్‌లో చేదు ఆకు, పులియని రొట్టె, ఖర్జూరపు పాకం, వాటితో పాటు అన్నం కూడా. ఐరోపా యూదుల్లో చాలామంది ఆ ఎనిమిది రోజులూ అన్నం తినరట. వీళ్ళు తింటారు. కొంకణ్‌లో అన్నం వద్దంటే పండుగెవరు చేస్తారు?

ఆగస్టులో తిషా బిఆవ్ వచ్చింది, యెరూషలేము ఆలయం కూలిన రోజు. ముందు తొమ్మిది రోజులూ మావశి మాంసం ముట్టలేదు. ఆ ఉపవాసానికి వాళ్ళలో ఉన్న పేరు బిరడ్యాచా రోజా, ఎందుకంటే దానికి వండేది బిరడా, అంటే వాల్ గింజల మొలకల కూర. నానబెట్టి, మొలకెత్తించి, వేడినీళ్ళలో వేసి ఒక్కో గింజా పొట్టు తీయాలి. ఆ వారం మా అమ్మ వచ్చి ఉంది. గిన్నెలోకి తొంగి చూసి, "ఇవి మన అనుములే కదే! గుడాలు చేసుకుంటే ఎంత బాగుంటాయి" అంది. కూర్చుని తనూ పొట్టు తీయడం మొదలుపెట్టింది. మావశి కొబ్బరి, పులుపుకు వేసే ఎండు కోకం తొక్క ఆమ్‌సూల్ తీయించింది. చింతపండు వేస్తేనే రుచి అని మా అమ్మ. ఆమ్‌సూల్ లేనిదే అది బిరడా కాదని మావశి. అమ్మకు వచ్చింది చాల్ మరాఠీ, ఆమెది కొంకణ్ మరాఠీ, ఇద్దరి గొంతులూ పెద్దవే. చివరికి గింజలు రెండు గిన్నెల్లోకి పంచారు. రెండు పొయ్యిలూ మావశే వెలిగించింది, చింతపండు గిన్నె కిందది కూడా.